ఇస్లామిక్ హైస్కూల్లో పట్టా లెక్క: అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లకు ఎనిమిదో తరగతి నుంచే పనికొచ్చే మార్గదర్శి

మా పెద్దవాడు పదో తరగతి మధ్యలో ఉండగా నా ఉద్యోగం మారి ఇంకో రాష్ట్రానికి వెళ్లాం. కొత్త ఊళ్లో ఇస్లామిక్ స్కూల్ లేదు. పబ్లిక్ స్కూల్లో వేశాం. మొదటి రోజు కౌన్సెలర్‌ని కలిసొచ్చి వాడు బ్యాగు కింద పెట్టకుండానే అన్నాడు: "అబ్బా, ఏడాదిన్నర ఖురాను క్లాసు ఎలెక్టివ్ (ఐచ్ఛికం) కింద వేశారు. పీఈ (వ్యాయామం), హెల్త్ మాత్రం మొదటినుంచీ చేయమంటున్నారు." దాంతో వాడి వేసవి సెలవులు ఆన్‌లైన్ హెల్త్ క్లాసుకే సరిపోయాయి. పాత స్కూలుని తప్పుపట్టడానికి లేదు. ఏ సబ్జెక్టుకి ఎన్ని క్రెడిట్లో హ్యాండ్‌బుక్‌లో రాసే ఉంది. సంతకం పెట్టి ఇచ్చేశాం గానీ మేమే చదవలేదు.

ఇస్లామిక్ స్కూల్ పిల్లలు రెండు చదువులు చదివి ఒక్క పట్టా తీసుకుంటారు. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ అందరితోపాటూ చదవాలి. వాటిపైన ఖురాను, ఇస్లామిక్ స్టడీస్, అరబీ. ఈ రెండో చదువు ఎక్కడ క్రెడిట్‌గా నిలుస్తుంది, ఎక్కడ ఎలెక్టివ్‌లోకి జారుతుంది, ఎక్కడ అసలు కనబడదు అనేది తొమ్మిదో తరగతికి ముందే తేల్చుకోవాలి. పన్నెండులో తెలిస్తే చేసేదేమీ ఉండదు. ఆ తేల్చుకునే పద్ధతే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: స్కూలుకి గుర్తింపు ఎవరిచ్చారో కనుక్కోండి

అమెరికాలో ప్రైవేటు స్కూళ్ల మీద పెత్తనం ఫెడరల్ ప్రభుత్వానిది కాదు, రాష్ట్రాలది. పిల్లలందరూ పబ్లిక్ స్కూళ్లకే వెళ్లాలని ఆరెగాన్ చేసిన చట్టాన్ని 1925లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రైవేటు స్కూల్లో చదివించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉందని, అయితే ఆ స్కూళ్ల మీద రాష్ట్రం తగిన నియమాలు పెట్టొచ్చని ఆ తీర్పు సారాంశం. ఆ నియమాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. కాలిఫోర్నియాలో ప్రైవేటు స్కూలు ఏటా అక్టోబర్ 1 నుంచి 15 లోపు ఒక అఫిడవిట్ దాఖలు చేయాలి. అది దాఖలు చేసినంత మాత్రాన చదువు బాగుందని రాష్ట్రం ముద్ర వేసినట్టు కాదు. ఈ తేడా చాలామందికి తెలియదు. "మా స్కూల్ రాష్ట్రంలో రిజిస్టరైంది" అనగానే తృప్తిపడిపోతారు.

మీరు అడగాల్సిన మాట అక్రెడిటేషన్. కాగ్నియా, పశ్చిమాన వాస్క్, తూర్పున మిడిల్ స్టేట్స్ లాంటి సంస్థలు స్కూలుకొచ్చి పాఠ్యక్రమం, టీచర్ల అర్హతలు, రికార్డులు చూసి గుర్తింపు ఇస్తాయి. ఇస్లామిక్ స్కూళ్లకే ప్రత్యేకంగా సిస్నా అనే మండలి కూడా ఉంది. సిస్నా ఒక్కటే ఉందా, దానితోపాటు ప్రాంతీయ సంస్థ గుర్తింపు కూడా ఉందా అని అడగండి. గడువు ఏ సంవత్సరం దాకా ఉందో కూడా అడగండి. "క్యాండిడేట్ దశలో ఉన్నాం" అంటే పని జరుగుతోందని అర్థం, పూర్తయిందని కాదు.

ఇదంతా ఎందుకంటే, గుర్తింపు లేని స్కూలు ఇచ్చిన క్రెడిట్లను పబ్లిక్ స్కూళ్లు యథాతథంగా తీసుకోవాలని లేదు. పరీక్ష పెట్టి తీసుకోవచ్చు. టెక్సాస్‌లో 1997 నాటి టాప్ టెన్ పర్సెంట్ చట్టం (తరగతి ర్యాంకును బట్టి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఇచ్చేది) ప్రైవేటు స్కూల్ పిల్లలకూ వర్తిస్తుంది, కాకపోతే ఆ స్కూలుకి గుర్తింపు పొందిన సంస్థ అక్రెడిటేషన్ ఉండాలి. రేపు ఇండియా వెళ్లి చదివించాలన్న ఆలోచన ఉన్నా మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. దాని సంగతి కింద చెబుతాను.

రెండో అడుగు: హ్యాండ్‌బుక్‌లో మీ పిల్లల బ్యాచ్ ఏదో చూడండి

గ్రాడ్యుయేషన్ నియమాలు సాధారణంగా పిల్లలు తొమ్మిదిలో చేరిన ఏడాదికి కట్టుబడి ఉంటాయి. పై తరగతి అబ్బాయి వాళ్లమ్మ చెప్పిన లెక్క మీ అమ్మాయికి వర్తించకపోవచ్చు. చేరిన ఏటి హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ దాచుకోండి. స్కూలు వెబ్‌సైటులో కొత్తది పెట్టినప్పుడు పాతది మాయమవుతుంది. చాలా హ్యాండ్‌బుక్‌ల చివర "ఈ నియమాలను ఎప్పుడైనా మార్చే హక్కు స్కూలుకి ఉంది" అని ఒక వాక్యం ఉంటుంది. అందుకే కౌన్సెలర్ నోటితో చెప్పినదేదైనా ఆ సాయంత్రమే ఈమెయిల్‌లో "ఇవాళ మనం అనుకున్నది ఇదీ" అని రాసి పంపండి. గొడవ పెట్టుకోవడానికి కాదు. చిన్న స్కూళ్లలో కౌన్సెలర్లు తరచూ మారిపోతుంటారు, తరవాత వచ్చినవాళ్లకు ఆ ఈమెయిలే ఆధారం.

మూడో అడుగు: ముప్పై రెండు గళ్ల కాగితం

ఒక క్రెడిట్ అంటే ఏమిటి? 1906లో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్ల పింఛన్ల కోసం మొదలుపెట్టిన కొలత ఇది. ఒక సబ్జెక్టు ఏడాదిలో 120 గంటలు చదివితే ఒక యూనిట్. చాలా స్కూళ్లు నేటికీ ఆ లెక్కనే దగ్గర పెట్టుకుంటాయి. సెమిస్టర్‌కి అర క్రెడిట్, ఏడాదికి ఒకటి.

ఇస్లామిక్ స్కూల్లో ఈ 120 గంటలు ఎంత బిగుతుగా ఉంటాయో ఒకసారి లెక్కేశాను. రోజుకి 45 నిమిషాల పీరియడ్, వారానికి 5 రోజులు, 36 వారాలు అంటే 135 గంటలు. శుక్రవారం జుమా నమాజు కోసం పీరియడ్ 30 నిమిషాలకు కుదిస్తే 126. రంజాన్ నాలుగు వారాలు మామూలు రోజు 35, శుక్రవారం 25 నిమిషాలు చేస్తే 123. ఇక మిగిలింది మూడు గంటలు. మంచు కురిసి నాలుగైదు రోజులు స్కూలు మూతపడితే అవీ పోతాయి. క్యాలెండర్‌లో అదనపు రోజులు ఎందుకు పెట్టారని, జూన్‌లో కూడా స్కూలేమిటని విసుక్కునే తల్లిదండ్రులకు నేను ఈ లెక్కే చూపిస్తాను.

ఇప్పుడు కాగితం తీసుకోండి. రోజుకి 8 పీరియడ్లు, 4 సంవత్సరాలు, 32 గళ్లు. ఖురాను, ఇస్లామిక్ స్టడీస్, అరబీ మూడూ రోజూ ఉంటే 12 గళ్లు పోయాయి. 20 మిగిలాయి. ఇంగ్లీషు 4, లెక్కలు 4, సైన్సు 4, సోషల్ 4 అంటే 16. మిగిలిన నాలుగింటిలో పీఈ ఒకటి, ఫైన్ ఆర్ట్స్ ఒకటి, కంప్యూటర్ ఒకటి, హెల్త్ అర, స్పీచ్ అర. అయిపోయింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు. ఇంజనీరింగ్‌కి వెళ్లాలనుకునే పిల్లవాడు రెండో ఏపీ (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) సైన్సు తీసుకోవాలంటే వేసవిలోనో, కమ్యూనిటీ కాలేజీలో డ్యుయల్ క్రెడిట్‌గానో (హైస్కూలుకీ, కాలేజీకీ రెండిటికీ చెల్లేలా) చేయాలి.

కొన్ని స్కూళ్లలో ఖురాను, ఇస్లామిక్ స్టడీస్ రోజు విడిచి రోజు ఉంటాయి, ఒక్కోదానికి అర క్రెడిట్. అలాగైతే నాలుగు గళ్లు తిరిగొస్తాయి. ఇంకొన్నిచోట్ల అరబీ మూడేళ్లు చాలు. అడ్మిషన్ రోజున "ఏపీ కోర్సులు ఎన్ని ఉన్నాయి?" అని అందరూ అడుగుతారు. "అవి తీసుకోవడానికి టైంటేబుల్లో చోటుందా?" అన్నది అసలు ప్రశ్న. ఇరవై మంది పిల్లలున్న తరగతిలో ఏపీ కెమిస్ట్రీ, అరబీ 3 ఒకే పీరియడ్‌లో పడితే ఏదో ఒకటే దక్కుతుంది.

మీ రాష్ట్రం పబ్లిక్ స్కూల్ లెక్క కూడా పక్కన రాసుకోండి. ఫ్లోరిడాలో మామూలు డిప్లొమాకి 24 క్రెడిట్లు. టెక్సాస్‌లో ఫౌండేషన్ ప్లాన్‌కి 22, ఎండార్స్‌మెంట్‌తో (ఒక రంగంలో అదనపు కోర్సులతో) 26. ప్రైవేటు స్కూలు చాలా రాష్ట్రాల్లో ఈ అంకెకు కట్టుబడనక్కర్లేదు, తన నియమాలు తానే పెట్టుకుంటుంది. సాధారణంగా దీనికంటే ఎక్కువే ఉంటాయి. కానీ ఉద్యోగాలు, వీసాలు మన చేతుల్లో లేని ఇళ్లలో ఏ ఏడాదైనా స్కూలు మారాల్సి రావచ్చు. హెల్త్, పీఈ, రాష్ట్ర చరిత్ర లాంటి చిన్న చిన్న అర క్రెడిట్లు అప్పుడే కాళ్లకు అడ్డం పడతాయి. వీలైతే వాటిని తొమ్మిది, పదిలోనే ముగించండి.

నాలుగో అడుగు: దీనీ (మత) సబ్జెక్టులు బయట ఎలా చెల్లుతాయి

మూడూ ఒకటి కాదు, విడివిడిగా చూడాలి.

అరబీ అన్నిటికంటే సురక్షితం. అది విదేశీ భాష కింద ఎక్కడైనా చెల్లుతుంది. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లకు భాష రెండేళ్లు తప్పనిసరి, మూడేళ్లుంటే మంచిది. ఒక చిక్కుంది: అరబీకి ఏపీ పరీక్ష లేదు. స్పానిష్ పిల్లలకు ఏపీ కోర్సుతో దొరికే బోనస్ వీళ్లకు రాదు. బదులుగా యాపుల్, స్టాంప్ లాంటి భాషా సామర్థ్య పరీక్షల్లో అరబీ ఉంది. వాటితో చాలా రాష్ట్రాల్లో సీల్ ఆఫ్ బైలిటరసీ (రెండు భాషలు బాగా వచ్చని ఇచ్చే గుర్తింపు) వస్తుంది. 2011లో దీనికి మొదట చట్టం చేసింది కాలిఫోర్నియా. మీ రాష్ట్రంలో ప్రైవేటు స్కూల్ పిల్లలకు ఆ సీల్ ఇస్తారో లేదో కనుక్కోండి.

ఇంట్లో చిన్నప్పటినుంచీ నాజిరా చదివిన పిల్లలను నేరుగా అరబీ 2లో వేయమని కొందరు పట్టుబడతారు. ఖురాను చూసి చదవడం వేరు, అరబీలో "నిన్న మార్కెట్‌కి వెళ్లాను" అని రాయడం వేరు. ప్లేస్‌మెంట్ పరీక్షలో అరబీ 1 వస్తే చిన్నతనం అనుకోకండి. పునాది లేకుండా వెళితే మూడో ఏడాది గ్రేడు పడిపోతుంది, అది ట్రాన్స్‌క్రిప్ట్‌లో (హైస్కూల్ మార్కుల రికార్డులో) శాశ్వతంగా ఉంటుంది.

ఇస్లామిక్ స్టడీస్ సంగతి కోర్సు పేరును, పాఠ్యాంశాలను బట్టి మారుతుంది. మత పాఠాల కోర్సును తీసుకోవడానికి కాలిఫోర్నియా యూనివర్సిటీ పెట్టే షరతు, ఒక్క మతశాఖ దృష్టికే పరిమితం కాకుండా విద్యా విచారణ పద్ధతిలో ఉండాలని. ఇలాంటి నియమాల మీద ఒక క్రైస్తవ స్కూళ్ల సంఘం కోర్టుకెక్కింది. 2010లో అప్పీల్ కోర్టు యూనివర్సిటీ పక్షానే నిలిచింది. అంటే "అఖీదా 2" (విశ్వాస సూత్రాలు) అనే కోర్సు లెక్కకు రాకపోవచ్చు, "ఇస్లామిక్ నాగరికత చరిత్ర" అనేది సరైన సిలబస్‌తో ఆమోదం పొందవచ్చు. ఆ యూనివర్సిటీకి కనీసం 15 ఏడాది కోర్సులు సీ గ్రేడు తగ్గకుండా కావాలి, అందులో 11 పన్నెండో తరగతికి ముందే పూర్తవ్వాలి. మీ స్కూల్ కోర్సుల్లో ఏవి ఆమోదిత జాబితాలో ఉన్నాయో యూనివర్సిటీ వెబ్‌సైటులో స్కూల్ పేరు కొట్టి చూడొచ్చు. స్కూలు చెప్పినా సరే, మీరూ ఒకసారి చూడండి. కాలేజీలో ఆటలు ఆడాలనుకునే పిల్లలకు ఇలాంటిదే ఇంకో జాబితా ఉంది: ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) డివిజన్ 1కి 16 కోర్ కోర్సులు, అక్కడా ఒక మతాన్ని బోధించే క్లాసు కోర్‌గా రాదు.

ఖురాను, తజ్వీద్ (ఖురాను ఉచ్చారణ నియమాలు) క్లాసులు బయట దాదాపు ఎప్పుడూ ఎలెక్టివే. అది అవమానం కాదు. ఎలెక్టివ్ క్రెడిట్లూ పట్టాకి కావాలి. చిక్కల్లా ఒకటే: ఏడాదికి ఒకటి చొప్పున అవి పేరుకుపోతే కొత్త స్కూలు వాటన్నిటినీ వాడుకోలేదు, కొన్ని వృథా అవుతాయి.

అయిదో అడుగు: జీపీఏలో (గ్రేడు పాయింట్ల సగటులో) ఏవి కలుస్తాయో రాయించుకోండి

ఒక పదో తరగతి అమ్మాయి మార్కులు చూద్దాం. ఇంగ్లీషు ఏ, ఆల్జీబ్రా 2 బీ, ఆనర్స్ కెమిస్ట్రీ బీ, ప్రపంచ చరిత్ర ఏ, అరబీ ఏ. ఇవి ఒక్కో క్రెడిట్. ఖురాను ఏ, ఇస్లామిక్ స్టడీస్ ఏ, ఒక్కోటి అర క్రెడిట్. మొత్తం 6 క్రెడిట్లు. ఏకి 4 పాయింట్లు, బీకి 3, సీకి 2.

అన్నీ కలిపితే 22 పాయింట్లు, జీపీఏ 3.67. దీనీ సబ్జెక్టులు రెండూ తీసేస్తే 3.60. ఆనర్స్‌కి అర పాయింటు కలిపి వెయిటెడ్ లెక్కేస్తే 3.75. ఒక కాలేజీ వాళ్లు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్ మాత్రమే చూస్తే 3.50. మార్కులు అవే, అంకెలు నాలుగు. ఏదీ అబద్ధం కాదు.

ఇప్పుడు తిరగేసి చూడండి. అదే అమ్మాయికి ఖురానులో సీ వచ్చిందనుకుందాం. జీపీఏ 3.50కి దిగింది. "ఖురాను క్లాసు జీపీఏని పెంచుతుంది" అనే భరోసా అందరికీ నిజం కాదు. కొన్ని స్కూళ్లలో ఖురాను టీచర్లు తజ్వీద్ తప్పుకీ, మరచిపోయిన ఆయతుకీ లెక్కపెట్టి మార్కులు కోస్తారు. పబ్లిక్ స్కూల్ నుంచి తొమ్మిదిలో కొత్తగా వచ్చిన పిల్లలకు ఇది పెద్ద దెబ్బ. వాళ్లను అయిదేళ్ల వయసునుంచీ వల్లెవేస్తున్న పిల్లలతో ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదని నా అభిప్రాయం. స్థాయిని బట్టి సెక్షన్లు ఉన్నాయా, మొదటి ఏడాది పాస్-ఫెయిల్ పద్ధతి అడగొచ్చా అని ముందే కనుక్కోండి.

ఎనిమిదో తరగతిలో చేసిన ఆల్జీబ్రా 1, అరబీ 1 హైస్కూల్ క్రెడిట్‌గా పడతాయా, పడితే గ్రేడు జీపీఏలో కలుస్తుందా అన్నదీ ఇక్కడే తేలాలి. ర్యాంకు గురించి ఎక్కువ బెంగ వద్దు. పద్దెనిమిది మంది ఉన్న తరగతిలో రెండో స్థానం అంటే టాప్ టెన్ పర్సెంట్‌లోకి రానట్టే. అందుకే చాలా చిన్న స్కూళ్లు ర్యాంకే ఇవ్వవు. టెక్సాస్‌లో ఉంటే మాత్రం ర్యాంకు ఇస్తారో లేదో తప్పక అడగండి, అక్కడ దానితో ఆటోమేటిక్ అడ్మిషన్ ముడిపడి ఉంది.

హిఫ్జ్ (ఖురాను మొత్తం కంఠస్థం) చేస్తున్న పిల్లలుంటే

ఇది విడిగా చెప్పాల్సిన విషయం, దాదాపు ప్రతి ఇంట్లోనూ దీని మీద చర్చ నడుస్తుంది.

మదీనా ముస్‌హఫ్‌లో (ఖురాను ముద్రిత ప్రతిలో) 604 పేజీలు. రోజుకి ఒక పేజీ సబఖ్ (కొత్త పాఠం), ఏడాదికి 180 స్కూలు రోజులు అనుకుంటే మూడేళ్ల నాలుగు నెలలు. రెండేళ్లలో పూర్తి చేయించే ప్రోగ్రాములు రోజులో సగం దానికే ఇస్తాయి, శనాదివారాలూ వదలవు. కొత్త సబఖ్ ఒక్కటే కాదు గదా, సబఖీ (ఈమధ్య నేర్చినది), మంజిల్ (పాతది) రోజూ తిప్పాలి. ఆ సగం రోజు ఎక్కడి నుంచి వస్తుంది? సైన్సు, సోషల్, ఆర్ట్ నుంచి.

అయిదు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఇది చేస్తే క్రెడిట్ల బాధ లేదు. లెక్కలు మాత్రం వెనకబడనివ్వకండి. తొమ్మిదిలో ప్రీ-ఆల్జీబ్రాలో పడితే పన్నెండుకి కాలిక్యులస్ చేరడం కష్టం. తొమ్మిది, పదిలో హిఫ్జ్ కొనసాగుతుంటే స్కూలుని మూడు విషయాలు అడగండి: హిఫ్జ్‌కి ఏడాదికి ఎన్ని క్రెడిట్లు ఇస్తారు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ కోర్సును ఏ పేరుతో వేస్తారు, పోగొట్టుకున్న సైన్సు, సోషల్ ఎప్పుడు, ఎలా పూర్తి చేయిస్తారు. మూడోదానికి "ఇన్‌షాఅల్లా చూద్దాం" అన్న జవాబు వస్తే ఒప్పుకోవద్దు. తేదీలతో రాసిమ్మనండి. నా సలహా అడిగితే, ఎనిమిది అయ్యేసరికి ఇరవై పారాలు (ఖురాను ముప్పై భాగాల్లో) దాటని పిల్లలకు హైస్కూల్లో ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తరవాతో, సాయంత్రమో ఒక ఉస్తాద్ దగ్గర మిగిలింది పెట్టుకోవడం మేలు. హిఫ్జ్ రెండేళ్లు ఆలస్యమైనా పోయేదేమీ లేదు.

ఆరో అడుగు: ఇండియా నుంచి వచ్చినవాళ్లు, ఇండియాకి వెళ్లేవాళ్లు

ఇండియాలో తొమ్మిది, పది చదివి పదకొండులో చేరే పిల్లలకు ఆ రెండేళ్ల మార్కుల నుంచే క్రెడిట్లు కట్టాలి. పదో తరగతి మెమో ఒక్కటే పట్టుకొస్తే సగం పనే అయినట్టు, తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టు కూడా స్కూల్ ముద్రతో కావాలి. బయల్దేరే ముందే తెచ్చుకోండి, తరవాత ఎవరినో పంపి తెప్పించుకోవడం నెలల పని.

మన లెక్కల పుస్తకంలో ఆల్జీబ్రా, జామెట్రీ, ట్రిగనామెట్రీ కలిసి ఉంటాయి, ఇక్కడ విడివిడి కోర్సులు. రెండేళ్ల లెక్కలకు ఆల్జీబ్రా 1, జామెట్రీ ఇవ్వమని సిలబస్ చూపించి అడగండి. ఫిజికల్ సైన్సు, బయాలజీలకు ల్యాబ్ ఉందని చెప్పడానికి ప్రాక్టికల్ రికార్డు పనికొస్తుంది. తెలుగు, హిందీ, ఉర్దూ మార్కులను భాషా క్రెడిట్‌గా అడగొచ్చు. ఒప్పుకుంటే అరబీ నాలుగేళ్ల నియమంలో సడలింపు ఉంటుందేమో చూడండి. అమెరికా చరిత్ర, ప్రభుత్వ పాఠం మాత్రం ఎవరికీ తప్పవు. ఆలస్యంగా చేరినవాళ్లకు ఇస్లామిక్ స్టడీస్ క్రెడిట్లు "ఈ స్కూల్లో చదివిన ప్రతి ఏడాదికి ఒకటి" అనే లెక్కన అడుగుతాయి చాలా స్కూళ్లు. నాలుగూ పూర్తి చేయాలనేవీ ఉన్నాయి, చూసుకోండి.

వీసా గురించి ఒక్క మాట. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీద ఉన్న పిల్లలు ఏ స్కూల్లోనైనా చదవొచ్చు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద అయితే పబ్లిక్ హైస్కూల్లో 12 నెలలకు మించి కుదరదు, ఆ పరిమితి ప్రైవేటు స్కూలుకి లేదు. కానీ ఆ స్కూలుకి ఐ-20 (విద్యార్థి వీసాకి కావాల్సిన పత్రం) ఇచ్చే సెవిప్ (విదేశీ విద్యార్థుల ఫెడరల్ విభాగం) అనుమతి ఉండాలి.

తిరిగి వెళ్లి ఇండియాలో కాలేజీ అనుకుంటే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ నుంచి సమానత్వ పత్రం తీసుకోవాలి. స్కూలు అక్రెడిటేషన్ పత్రాలు అప్పుడు బయటికి తీయాల్సొస్తుంది. నీట్ రాయాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. ఇక్కడ మామూలుగా తొమ్మిదిలో బయాలజీ, పదిలో కెమిస్ట్రీ ముగిసిపోతాయి. పదకొండు, పన్నెండుల్లో మళ్లీ పైస్థాయిలో తీసుకోవాల్సి ఉంటుందని మీ 32 గళ్లలో ముందే గుర్తుపెట్టుకోండి.

ఏడో అడుగు: పరీక్షలు, రంజాన్, సెలవులు

2019లో ఏపీ పరీక్షలు మే 6న మొదలయ్యాయి, రంజాన్ కూడా అదే రోజు. సహరీ చేసి, నిద్ర చాలక, మూడు గంటల కాలిక్యులస్ పరీక్ష రాసిన పిల్లలు చాలామంది. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. 2026 ఆగస్టులో తొమ్మిదిలో చేరే పిల్లలకు నాలుగు రంజాన్‌లూ జనవరి, మార్చి మధ్యే వస్తాయి. చివరిదైన 2030 రంజాన్ జనవరి మొదటి వారంలోనే మొదలవుతుంది. మొదటి సెమిస్టర్ పరీక్షలు జనవరిలో పెట్టే స్కూళ్లలో ఉపవాసం, ఫైనల్స్ ఒకేసారి. ఆ స్కూలు పరీక్షలను డిసెంబర్‌కి జరిపే ఆలోచనలో ఉందా అని తల్లిదండ్రుల సంఘం ఇప్పుడే అడగాలి, క్యాలెండర్లు ఏడాది ముందే ఖరారవుతాయి. ఈద్ రోజున ఏపీ పరీక్ష పడితే లేట్ టెస్టింగ్ అడిగే వీలుంది, స్కూల్ ఏపీ కోఆర్డినేటర్ ద్వారా ముందుగా అడగాలి.

హాజరు నియమం చదివేటప్పుడు ఎన్ని గైర్హాజరులకు క్రెడిట్ పోతుందో చూడండి. సెమిస్టర్‌కి తొమ్మిదో, పదో రోజులని ఉంటుంది. పెళ్లికని డిసెంబర్‌లో ఇండియా వెళ్లి సెలవులకు అటు వారం, ఇటు వారం కలిపేవాళ్లకు ఇది సరిగ్గా అక్కడే తగులుతుంది. ఉమ్రా (మక్కా యాత్ర) ప్రయాణాన్ని కూడా ఎక్స్‌క్యూజ్డ్‌గా తీసుకుంటారని అనుకోవద్దు, ముందే అనుమతి కాగితం కావాలనే స్కూళ్లున్నాయి.

ఫెయిలైతే ఏమవుతుందన్నది కూడా హ్యాండ్‌బుక్‌లోనే ఉంటుంది, ఎవరూ చదవరు. మొదటి సెమిస్టర్ 55, రెండోది 80 వచ్చాయనుకోండి. సగటు 67.5. పాస్ మార్కు 65 ఉండి ఏడాది సగటు తీసే స్కూల్లో పూర్తి క్రెడిట్. సెమిస్టర్ వారీగా ఇచ్చే స్కూల్లో అర క్రెడిట్. పాస్ మార్కు 70 ఉండి ఏడాది సగటు తీస్తే సున్నా. మళ్లీ చదివితే పాత గ్రేడు చెరిపేస్తారా, రెండూ ఉంచుతారా అన్నదీ చూడండి. నేర్చుకోవడంలో ఇబ్బంది ఉండి పబ్లిక్ స్కూల్లో ఐఈపీ (ప్రత్యేక విద్యా ప్రణాళిక) ఉన్న పిల్లలకు ప్రైవేటు స్కూల్లో అవే సేవలు హక్కుగా రావు. జిల్లా నుంచి సర్వీసెస్ ప్లాన్ పేరుతో కొంత మేరకే రావొచ్చు. చేర్చే ముందే మాట్లాడుకోవాలి.

ఎనిమిదో అడుగు: చివరి ఏడాది చిట్టా

పదకొండు ముగిసిన వారంలో క్రెడిట్ ఆడిట్ అడగండి. కౌన్సెలర్ సంతకంతో ఒక పేజీ చాలు: వచ్చినవి, పన్నెండులో రావాల్సినవి, కొరత. పన్నెండు మొదలయ్యాక కొరత బయటపడితే వేసవి చేజారినట్టే.

సేవా గంటలు ఏటా ఇరవై, ఇరవై అయిదు అడిగే స్కూళ్లు ఎక్కువ. పిల్లలు చేస్తారు, రాయించుకోరు. రంజాన్‌లో మసీదులో ఇఫ్తార్ వడ్డించిన ముప్పై రాత్రుల గంటలకు ఆ వారమే సంతకం తీసుకోవాలి. మే నెలలో వెళ్లి అడిగితే అప్పటి ఇన్‌ఛార్జి మారిపోయి ఉంటాడు. ఇంట్లోవాళ్ల సంతకం చెల్లదు, సొంత స్కూలులో చేసిన పనికి సగం గంటలే ఇస్తామనే నియమం కూడా ఉండొచ్చు.

వేదిక ఎక్కడం, పట్టా రావడం రెండు వేర్వేరు సంగతులు. అర క్రెడిట్ తక్కువున్న పిల్లలను గౌను వేసి నడవనిచ్చి, ఖాళీ కవరు చేతికిచ్చి, వేసవిలో పూర్తయ్యాక పట్టా ఇచ్చే స్కూళ్లున్నాయి. క్రమశిక్షణ కారణంతో వేదిక ఎక్కనివ్వకుండా పట్టా ఇంటికి పంపేవీ ఉన్నాయి. మీ స్కూల్ ఏ రకమో తెలుసుకుని ఊర్నుంచి వచ్చే అమ్మమ్మలకు, నానమ్మలకు టికెట్లు తీయండి.

ఫీజు బాకీ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆపే హక్కు చాలా స్కూళ్లు అడ్మిషన్ ఒప్పందంలోనే రాసుకుంటాయి. కాలేజీకి ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ జూన్, జూలైలో వెళ్లకపోతే సీటు ఇబ్బందిలో పడుతుంది. బాకీ, లైబ్రరీ పుస్తకాలు, ల్యాప్‌టాప్ అన్నీ మే మొదటి వారంలో తేల్చేయండి. ఇబ్బంది ఉంటే ఆఫీసుతో మాట్లాడి వాయిదాలు రాయించుకోండి. జకాత్ నిధి నుంచి ఫీజు సాయం చేసే స్కూళ్లు కొన్ని ఉన్నాయి. అడగడానికి మొహమాటపడి కాగితం ఆగిపోయిన ఇల్లు నాకు తెలుసు.

పట్టా వచ్చిన వారంలోనే స్కూల్ ఆఫీసుకి వెళ్లి సీలు వేసిన కవర్లలో అఫీషియల్ ట్రాన్స్‌క్రిప్ట్ మూడు కాపీలు, కోర్సు వివరాల పుస్తకం ఒకటి తీసుకోండి. కవర్లు చింపకండి, చింపితే అఫీషియల్ కాదు. చిన్న స్కూళ్లు ఒక్కోసారి మూతపడతాయి, వేరే బోర్డు చేతుల్లోకి వెళతాయి. అలాంటప్పుడు రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో కూడా ఆ రోజే అడిగి, ఆ పేరు కవరు మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. మా రెండోదాని కవర్లు రెండు ఇంకా బీరువాలో పాస్‌పోర్టుల పక్కనే ఉన్నాయి.